కూనన్ కురిశు ప్రమాణము

కూనన్ కురిశు ప్రమాణము అనునది 1653 జనవరి 3వ తేదీన కేరళలో కొచ్చి పక్కనున్న మట్టంచేరి వద్ద మార్ తోమా క్రైస్తవులు సామూహికముగా చేసిన ప్రతిజ్ఞ. పోర్చుగీసు వారి ప్రాపకమున తమపై నియమింపబడిన జెస్యూట్ బిషప్పులకు ఇకమీదట లోబడి ఉండబోమని వారు సిలువ సాక్షిగా ప్రమాణము చేశారు. భారతదేశ క్రైస్తవ చరిత్రలో సంఘాధికారమును బహిరంగముగా ధిక్కరించిన సంఘటనలలో ఇది అతి ముఖ్యమైనది. అంతవరకు ఒకటిగా ఉన్న కేరళ సిరియన్ క్రైస్తవ సమాజము దీని తరువాత రెండుగా చీలి, కాలక్రమమున మరిన్ని శాఖలైనది.

ఆనాడు వారు త్రోసిపుచ్చినది ఎవరి అధికారమును అన్న ప్రశ్నకు నేటికీ ఏకాభిప్రాయము లేదు. ఒక బిషప్పునా, ఒక మఠమునా, లేక రోములోని పోపునా? ఏ శాఖకు చెందిన చరిత్రకారుడు వ్రాస్తే ఆ శాఖకు అనుకూలమైన సమాధానము వస్తుంది. అందుచేత ఈ విషయమును చదివేవారు సంఘటనను, దానికి తరువాతివారు ఇచ్చిన అర్థమును వేరుచేసి చూడవలసి ఉంటుంది.

పేరు

మలయాళములో "కూనన్" అనగా వంగినది, గూనిది. తెలుగులోని "గూని" కూడా ఈ మాటకు బంధువే. "కురిశు" అనగా సిలువ. కనుక దీనిని తెలుగున "గూని సిలువ ప్రమాణము" అనవచ్చును. వచ్చిన జనులందరికీ చర్చి ముందున్న రాతిసిలువను చేతితో తాకుట సాధ్యము కానందున, సిలువకు నాలుగు వైపులా మోకులు కట్టి వాటిని పట్టుకొని ప్రమాణము చేశారని, ఆ లాగుడుకు సిలువ ఒక పక్కకు ఒరిగినదని స్థానిక ఐతిహ్యము. రాయి నిజముగా వంగినదో లేదో గాని పేరు మాత్రము నిలిచిపోయినది.

నేపథ్యము

మార్ తోమా క్రైస్తవులు తమ సంఘము క్రీ.శ. 52లో అపోస్తలుడైన తోమా రాకతో మొదలైనదని విశ్వసిస్తారు. మిరియములు పండే మలే దేశమున క్రైస్తవులు ఉన్నారని 6వ శతాబ్దపు గ్రీకు యాత్రికుడు కాస్మాస్ వ్రాశాడు. వీరి ఆరాధన భాష సిరియాక్. బిషప్పులు మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతము) లోని తూర్పు సిరియన్ పాట్రియార్క్, అనగా ఆ సంఘమునకు అత్యున్నత పీఠాధిపతి, పంపగా సముద్రముపై వచ్చేవారు.

ఆ బిషప్పులకు మలయాళము రాదు, దేశాచారము తెలియదు. గురువులకు అభిషేకమిచ్చుట, పరిశుద్ధ తైలమును ఆశీర్వదించుట వంటి బిషప్పు మాత్రమే చేయగల కార్యములు వారు చేసేవారు. సమాజమును నడిపే పని మాత్రము ఆర్చిడీకన్ అను స్వదేశీ గురువుది. ఈ పదవి పకలోమట్టం అను కుటుంబములో మేనమామ నుండి మేనల్లునికి సంక్రమించేది. ఆర్చిడీకన్ వెంట ఆయుధములు ధరించిన బలగము ఉండేది. కొచ్చి మొదలగు స్థానిక రాజులు కూడా క్రైస్తవుల వ్యవహారములను ఆయనతోనే మాట్లాడేవారు. ప్రతి చర్చికీ గురువులు, కుటుంబ పెద్దలు కలిసి కూర్చునే "పళ్ళియోగము" ఉండేది. చర్చి ఆస్తి, వివాదములు, ఎవరిని గురువుగా అభిషేకింపవలెననునది ఈ సభలోనే తేలేవి. కనుక విధేయత అనే మాటకు వారి అనుభవములోని అర్థము వేరు. బిషప్పు పూజ్యుడు, కాని పాలకుడు కాడు.

1498లో వాస్కో డ గామా కోళిక్కోడు చేరిన తరువాత వచ్చిన పోర్చుగీసు వారి దృష్టి దీనికి పూర్తిగా భిన్నమైనది. తూర్పు దేశములలో కనుగొనిన ప్రాంతములన్నిటా బిషప్పులను ప్రతిపాదించు హక్కు, చర్చిలను పోషించు బాధ్యత పోర్చుగల్ రాజుకు పోపు ఇచ్చాడు. దీనిని "పద్రోవాదో" అందురు. ఈ హక్కును అనుసరించి మలబారు క్రైస్తవులు కూడా గోవా అగ్రపీఠము క్రిందకే రావలెనని పోర్చుగీసు వారి వాదము. తాము పోర్చుగల్ రాజు ప్రజలము కామని, తమకు వేరే పాట్రియార్క్ ఉన్నాడని సిరియన్ క్రైస్తవుల వాదము. తొలి దశాబ్దములలో ఇరుపక్షముల మధ్య స్నేహమే ఉండేది. మిరియాల వ్యాపారము ఇరువురికీ అవసరము కదా.

పోపు పట్ల ఈ క్రైస్తవులకు అప్పట్లో శత్రుభావము లేదు. తూర్పు సిరియన్ సంఘములో 1552లో చీలిక రాగా ఒక వర్గపు నాయకుడైన యోహన్నాన్ సులాఖాను పోపు 3వ జూలియస్ 1553లో పాట్రియార్క్‌గా ధ్రువీకరించాడు. ఆ వర్గము నుండి వచ్చిన మార్ జోసెఫ్, మార్ అబ్రహాం అను బిషప్పులు రోముతో సంబంధము కలవారే. అయినను పోర్చుగీసు వారు వారిని అనుమానించి నిర్బంధించి, విచారణలకు గురిచేశారు. మార్ అబ్రహాం 1597లో అంగమాలిలో మరణించాడు. మెసొపొటేమియా నుండి మరొక బిషప్పు రాకుండ రేవులపై కాపలా పెట్టబడినది.

ఉదయంపేరూరు సభ

గోవా అగ్రపీఠాధిపతి అలెషో డ మెనెజిస్ 1599లో స్వయముగా మలబారునకు వచ్చాడు. చర్చి వెంబడి చర్చి తిరిగి, పెద్ద సంఖ్యలో కొత్త గురువులను అభిషేకించి తన పక్షమును పెంచుకొన్నాడు. నాటి ఆర్చిడీకన్ గీవర్గీస్ కొంతకాలము ఎదిరించి చివరకు లోబడినాడు. అదే సంవత్సరము జూన్ 20 నుండి 26 వరకు ఉదయంపేరూరులో జరిగిన సభకు సుమారు 150 మంది గురువులు, 600కు పైగా గృహస్థ ప్రతినిధులు హాజరయ్యారు. బాబిలోను పాట్రియార్క్‌ను ఇకపై స్మరింపరాదని, గురువులు వివాహము చేసికొనరాదని, సిరియాక్ గ్రంథములను దిద్దుటకు లేదా తగులబెట్టుటకు అప్పగింపవలెనని అందులో శాసనములు చేయబడినవి. ఎన్నో చేతివ్రాత ప్రతులు ఆ విధముగా నశించినవి.

ఆ శాసనములలో ఒకటి ఈ వ్యాసవిషయమునకు మిక్కిలి దగ్గరిది. "తోమా మార్గము వేరు, పేతురు మార్గము వేరు, ఒకదానిపై మరొకదానికి అధికారము లేదు" అని స్థానిక క్రైస్తవులు చెప్పుకొనే భావమును సభ తప్పుగా ప్రకటించినది. "మార్గము" అనగా వారి దృష్టిలో కేవలము సిద్ధాంతము కాదు. పూజావిధి, ఉపవాసము, పెండ్లి, వారసత్వము, పళ్ళియోగము అన్నీ కలిసిన జీవనవిధానము. మెనెజిస్ దానిని పోపు అధికారమును నిరాకరించుటగా అర్థము చేసికొన్నాడు. ఈ అపార్థమే అర్ధశతాబ్దము తరువాత మట్టంచేరికి దారి తీసినదని చెప్పవచ్చును.

ఈ సభను పిలుచుటకు మెనెజిస్‌కు అధికారము ఉన్నదా అనునది మరొక వివాదము. కేరళకు చెందిన కాథలిక్ మఠగురువు జోనాస్ తళియత్ 1958లో రోములో ప్రచురించిన గ్రంథములో ఈ సభ చట్టబద్ధము కాదని వాదించాడు. అనగా విధేయతను శాసించిన సభయే విధిని పాటించలేదని ఆ విధేయతను వీడని సంఘములోని పండితుడే తేల్చాడన్నమాట.

జెస్యూట్ బిషప్పులు, ఆర్చిడీకన్

సభ తరువాత జెస్యూట్ మఠమునకు చెందిన ఫ్రాన్సిస్ రోస్ అంగమాలి బిషప్పు అయ్యాడు. పూర్వము స్వతంత్ర ప్రతిపత్తి ఉన్న ఆ పీఠమును గోవాకు లోబరచి, నిరసనలు రాగా 1608లో మరల అగ్రపీఠముగా చేశారు. పిదప పీఠము కొడుంగల్లూరుకు మారినది. రోస్ సిరియాక్ పండితుడు, మలయాళము నేర్చినవాడు. అయినను పరిపాలన విషయములో ఆర్చిడీకన్‌కు, ఆయనకు పొత్తు కుదరలేదు. రోస్ 1624లో మరణింపగా స్తెఫనో డ బ్రిట్టో, ఆయన తరువాత 1641లో ఫ్రాన్సిస్ గార్షియా వరుసగా జెస్యూట్లే వచ్చారు.

సుమారు 1640లో ఆర్చిడీకన్ గీవర్గీస్ గతించి ఆయన మేనల్లుడు తోమా ఆ పదవికి వచ్చాడు. గార్షియా ఆర్చిడీకన్ అధికారములను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పోయాడు. ఆర్చిడీకన్ సమ్మతి లేనిదే అభిషేకములు, నియామకములు జరుగరాదన్నది పాత ఆచారము. బిషప్పుకు ఎవరి సమ్మతీ అక్కరలేదన్నది గార్షియా పట్టు. ఇద్దరిలో ఎవరు న్యాయము అంటే, లాటిన్ చర్చి చట్టము ప్రకారము గార్షియా, దేశాచారము ప్రకారము తోమా. గార్షియా రాజీకి సుముఖుడు కాదని ఆయన పట్ల సానుభూతి గల చరిత్రకారులు సైతము ఒప్పుకొంటారు. విసిగిన తోమా తమకు ఒక బిషప్పును పంపవలసినదని పశ్చిమాసియాలోని పలువురు పాట్రియార్కులకు లేఖలు వ్రాశాడు.

అహతల్లా రాక

ఆ లేఖలకు ప్రతిఫలముగానే అన్నట్లు 1652లో అహతల్లా అను సిరియా దేశపు బిషప్పు సూరత్ మీదుగా మైలాపూరు చేరాడు. ఆయన అలెప్పో వాసి. పోర్చుగీసు వారు ఆయనను జెస్యూట్ మఠములో నిర్బంధించారు. మైలాపూరులోని తోమా సమాధికి యాత్రగా వచ్చిన మలబారు డీకన్లు ఆయనను రహస్యముగా కలిసికొన్నారు. తాను సమస్త భారత, చీనా దేశములకు పాట్రియార్క్‌నని ఆయన వ్రాసి ఇచ్చిన లేఖను వారు ఆర్చిడీకన్‌కు చేర్చారు. పోపే తనకు ఈ అధికారమిచ్చాడని అహతల్లా చెప్పినట్లు కొన్ని వృత్తాంతములలో ఉన్నది. అట్టి నియామకము ఏదీ రోము చేయలేదు. కాని మలబారులోని వారికి అది తెలిసే మార్గము లేదు.

అహతల్లాను ఓడపై గోవాకు తరలిస్తూ కొచ్చి రేవులో కొద్దికాలము ఆగారు. ఆర్చిడీకన్ వేలాది జనులతో, సాయుధ బలగముతో మట్టంచేరి చేరాడు. ఆయన కోరినది ఒక్కటే: వచ్చిన వానిని తమకు చూపించి పత్రములను పరీక్షింపనిండు, నిజమైన పాట్రియార్క్ అయితే స్వీకరింతుము, దొంగ అయితే శిక్షకు అప్పగింతుము అని. బిషప్పు గార్షియా వారితో మాట్లాడుటకు కూడా రాలేదు. ఓడ గోవాకు వెళ్ళిపోయినది. అంతలో పాట్రియార్క్‌ను సముద్రములో ముంచి చంపారన్న వదంతి పాకినది.

ఈ వదంతి నిజము కాదని తరువాతి పరిశోధనలో తేలినది. అహతల్లా గోవా నుండి ఐరోపాకు పంపబడి, రోముకు పోవు దారిలో 1654లో పారిస్‌లో మరణించాడని జేకబ్ కొల్లాపరంబిల్ మున్నగు చరిత్రకారులు చూపారు. అయినను 1653 జనవరిలో మట్టంచేరిలో నిలిచిన జనులకు తెలిసినది ఒక్కటే. ఓడ వచ్చినది, పాట్రియార్క్ కనబడలేదు.

ప్రమాణము

జనవరి 3న జనులు మట్టంచేరి చర్చి వద్ద సమావేశమై, వెలిగించిన కొవ్వొత్తులతో, సువార్త గ్రంథముపై, సిలువపై ప్రమాణము చేశారు. ఆర్చిడీకన్ తోమా, గురువులు ముందుగా, జనులు వెనుకగా చేశారందురు. సమాజములోని రెండు లక్షల మందిలో గార్షియా వెంట నాలుగు వందల మంది మాత్రమే మిగిలారని చెప్పుకొనే లెక్క సంప్రదాయమున వచ్చినదే గాని జనాభా గణన కాదు. దాదాపు సమాజమంతా ఒక్కటిగా కదలినదనుటలో మాత్రము సందేహము లేదు.

ప్రమాణ పాఠముపై వివాదము

ప్రమాణము యొక్క అసలు పత్రము ఏదీ నేడు లభ్యము కాదు. మనకు ఉన్నవి తరువాత వ్రాయబడిన వృత్తాంతములు, జెస్యూట్ల నివేదికలు, విచారణకు వచ్చిన కార్మలైట్ మఠవాసుల యాత్రాకథనములు, సిరియన్ క్రైస్తవుల ఉత్తరములు, చర్చి దినచర్యలు. వీటిలో పాఠము ఒకే తీరున లేదు.

ఒక పాఠము ప్రకారము, గార్షియాను గాని జెస్యూట్లను గాని తమ పెద్దలుగా అంగీకరింపబోమని మాత్రమే ప్రమాణము. కాథలిక్ చరిత్రకారులు సాధారణముగా దీనిని సమర్థిస్తారు. వారు చూపే ఆధారములు బలమైనవే. ప్రమాణము చేసినవారు ఆ వెంటనే జెస్యూట్లు కాని వేరొక మఠము వారిని బిషప్పులుగా పంపవలసినదని కోరారు. కార్మలైట్లు రాగా చాలా చర్చిలు వారిని ఆదరించినవి. పోపును త్రోసిపుచ్చినవారు పోపు దూతలను ఆదరించుట ఎట్లు?

రెండవ పాఠము ప్రకారము, రోము అధికారమునే వదిలి తమ పూర్వపు తూర్పు పాట్రియార్క్ నుండి వచ్చిన వానిని తప్ప మరెవ్వరినీ స్వీకరింపమని ప్రమాణము. ఆర్థొడాక్స్, జాకబైట్ పక్షముల రచయితలు ఎక్కువగా ఈ విధముగా చెప్తారు. వారి తర్కము కూడా త్రోసివేయదగినది కాదు. జనులు ఎవరి కొరకై మట్టంచేరి వచ్చారు? తూర్పు నుండి వచ్చిన పాట్రియార్క్ కొరకు. తరువాత ఏమి చేశారు? రోమును అడుగకుండ తమ బిషప్పును తామే చేసికొన్నారు.

రెండు పాఠములలోను సత్యము ఉండే అవకాశము ఎక్కువ. ఆనాడు ఆ జనులలో అందరి ఉద్దేశ్యము ఒకటే అయి ఉండనక్కరలేదు. పోపు, పోర్చుగల్ రాజు, గోవా, జెస్యూట్లు అను నలుగురూ నూరేండ్లుగా వారికి ఒకే ముఖముతో కనబడ్డారు. ఆ నలుగురిలో ఎవరిని విడిచి ఎవరిని ఉంచుకోవలెనన్న ప్రశ్న ప్రమాణము నాడు కాక, ఆ తరువాతనే ఎదురైనది.

ఆలంగాడు అభిషేకము

1653 ఫిబ్రవరిలో ఇడప్పళ్ళి వద్ద సమావేశమై ఆర్చిడీకన్‌కు నలుగురు గురువులను సలహాదారులుగా నియమించారు. వారు కల్లిశ్శేరికి చెందిన ఆంజిలిమూట్టిల్ ఇట్టి తొమ్మన్ కత్తనార్, కురవిలంగాడుకు చెందిన పరంబిల్ చాండీ కత్తనార్, కడుత్తురుత్తికి చెందిన కడవిల్ చాండీ కత్తనార్, అంగమాలికి చెందిన వేంగూర్ గీవర్గీస్ కత్తనార్. ("కత్తనార్" అనగా సిరియన్ క్రైస్తవ గురువు.) మే 22న ఆలంగాడులో పన్నెండుమంది గురువులు ఆర్చిడీకన్ శిరస్సుపై చేతులుంచి, అహతల్లా నుండి వచ్చినదని చెప్పబడిన లేఖను చదివి, ఆయనను మార్ తోమా అను పేర బిషప్పుగా ప్రకటించారు.

తిరుగుబాటు చేసినవారికి అసలు చిక్కు ఇక్కడ వచ్చినది. బిషప్పును బిషప్పులే, కనీసము ముగ్గురు కలిసి అభిషేకింపవలెనని క్రీ.శ. 325 నాటి నీకేయా మహాసభ నియమము. తూర్పు సంఘములు, రోము కూడా దీనిని అంగీకరిస్తాయి. గురువులు ఎందరు చేతులుంచినను బిషప్పు కాజాలడు. లేఖలో పాట్రియార్క్ అట్లు అనుమతించాడని ఇట్టి తొమ్మన్ వర్గము చెప్పినది. ఆ లేఖ కల్పితమని, దానిని తయారు చేసినది ఇట్టి తొమ్మనే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఏది ఏమైనను, మార్ తోమా చేసిన అభిషేకములు చెల్లుతాయా, ఆయన అభిషేకించిన గురువు ఇచ్చే పరిశుద్ధ సంస్కారము నిజమైనదేనా అన్న భయము సామాన్య కుటుంబములలో మొదలైనది. పెండ్లి, బాప్తిస్మము, మరణకాల సంస్కారము అన్నీ దీనిపై ఆధారపడినవే. చాలా చర్చిలు వెనుకకు మరలుటకు ఈ భయమే ప్రధాన కారణము.

రోము చర్యలు, రెండుగా చీలుట

పోపు 7వ అలెగ్జాండర్ కార్మలైట్ మఠమునకు చెందిన జోసెఫ్ సెబాస్తియానిని మలబారునకు పంపాడు. మతప్రచార వ్యవహారములను రోము నుండి నేరుగా నడిపేందుకు 1622లో ఏర్పడిన "ప్రొపగాండా" అను విభాగము పక్షాన ఆయన వచ్చాడు. పద్రోవాదో హక్కునకు ఇది భంగమని పోర్చుగీసు వారికి కోపము. కనుక అధికార వివాదము సిరియన్ క్రైస్తవులకు, రోముకు మధ్యనే కాక, రోముకు, లిస్బనుకు మధ్య కూడా నడచినదని గుర్తింపవలెను.

1657లో చేరిన సెబాస్తియాని ఆలంగాడు అభిషేకము చెల్లదని వివరిస్తూ చర్చిలను ఒక్కొక్కటిగా త్రిప్పుకొన్నాడు. నలుగురు సలహాదారులలో పరంబిల్ చాండీ, కడవిల్ చాండీ, వేంగూర్ గీవర్గీస్ ముగ్గురూ ఆయన పక్షము చేరారు. ఇట్టి తొమ్మన్ మాత్రము మార్ తోమా వెంట నిలిచాడు. గార్షియా 1659లో మరణించాడు. సెబాస్తియాని రోము వెళ్ళి బిషప్పుగా అభిషేకము పొంది 1661లో తిరిగి వచ్చాడు.

1663 జనవరిలో డచ్చివారు కొచ్చి కోటను పట్టుకొన్నారు. కాథలిక్ మఠవాసులైన ఐరోపావారు వెళ్ళిపోవలెనని వారి ఆజ్ఞ. వెళ్ళేముందు సెబాస్తియాని ఫిబ్రవరి 1న కడుత్తురుత్తిలో పరంబిల్ చాండీని బిషప్పుగా అభిషేకించాడు. చాండీ ఆర్చిడీకన్ తోమాకు బంధువు కూడా. స్వదేశీ బిషప్పు కావలెనన్న కోరిక నెరవేరి, అభిషేకముపై సందేహమూ తొలగుటతో అధిక సంఖ్యాకులు ఆయనను అనుసరించారు. 116 చర్చిలలో 84 చాండీ వైపు, 32 మార్ తోమా వైపు నిలిచినవని సాధారణముగా చెప్తారు. రోముతో ఉన్నవారిని పళయకూర్ (పాత పక్షము) అని, మార్ తోమాతో ఉన్నవారిని పుత్తన్‌కూర్ (కొత్త పక్షము) అని పిలిచారు. నిజమునకు తామే పాతవారమని ఇరుపక్షముల నమ్మకము.

పుత్తన్‌కూర్ తదుపరి చరిత్ర

1665లో యెరూషలేము నుండి సిరియన్ ఆర్థొడాక్స్ బిషప్పు మార్ గ్రెగోరియోస్ అబ్దుల్ జలీల్ వచ్చి మార్ తోమాను సమర్థించాడు. ఆయన ఆర్చిడీకన్‌కు మరల అభిషేకమిచ్చాడా లేక ఉన్నదానినే ధ్రువపరచాడా అనుటలో భేదాభిప్రాయములు ఉన్నవి. ఇందులో ఒక వింత ఉన్నది. అంతవరకు మలబారు క్రైస్తవులు తూర్పు సిరియన్ సంప్రదాయము వారు; వచ్చినవాడు పశ్చిమ సిరియన్ సంప్రదాయము వాడు. క్రీస్తు స్వభావమును గూర్చిన సిద్ధాంతములో ఆ రెండు సంఘములు 5వ శతాబ్దము నుండి పరస్పర విరోధులు. పూర్వుల సంప్రదాయము కొరకు పోరాడినవారు ఆ పూర్వులు ఖండించిన సంప్రదాయములోనికి క్రమముగా చేరారు.

అభిషేక సందేహము ఒక శతాబ్దము వెంటాడినది. చివరకు 6వ మార్ తోమా 1770లో సిరియా నుండి వచ్చిన బిషప్పుల చేత తిరిగి అభిషేకము పొంది మార్ దియోనిసియోస్ అను పేరు తీసికొన్నాడు. తరువాత 1772లో మరొక అభిషేకముపై తగవు వచ్చి తొళియూరు సంఘము విడిపోయినది. 1816 నుండి ఆంగ్లికన్ మిషనరీలు సహాయకులుగా వచ్చారు. 1836లో మావేలిక్కర సభలో సిరియన్లు వారి సంస్కరణలను నిరాకరించారు. అయినను పాలకున్నత్తు అబ్రహాం మల్పాన్ ప్రారంభించిన సంస్కరణల పక్షము నిలిచి, 1889లో తిరువాంకూరు రాజ్య న్యాయస్థానము తీర్పుతో ఆస్తులు కోల్పోయి, మార్ తోమా సంఘముగా వేరయినది. ఆ సంఘమునకు 1894లో బిషప్పును అభిషేకించినవారు తొళియూరు వారు. ఒకసారి విడిపోయిన చిన్న సంఘము మరొక విడిపోయిన సంఘమునకు పరంపరను అందించినది.

మిగిలిన వారిలో పాట్రియార్క్ అధికారము ఎంతవరకు అన్న ప్రశ్న లేచినది. ఆధ్యాత్మిక విషయములకే పరిమితమా, చర్చి ఆస్తిపై కూడానా? పాట్రియార్క్ 2వ అబ్దుల్లా 1911లో వట్టశ్శేరిల్ మార్ దియోనిసియోస్‌ను వెలివేశాడు. దియోనిసియోస్ పక్షము వారు, ఒట్టోమన్ సుల్తాను ప్రభుత్వము పదవి నుండి తొలగించిన పూర్వ పాట్రియార్క్ అబ్దుల్ మసీహ్‌ను ఆహ్వానించి 1912లో నిరణములో కాథలికోస్ పీఠమును స్థాపింపజేసికొన్నారు. తొలగింపబడిన పాట్రియార్క్‌కు ఆ అధికారము ఉన్నదా? 1653 నాటి ప్రశ్నయే మరొక రూపమున వచ్చినది.

ఈసారి వ్యాజ్యము కోర్టుకు ఎక్కినది. 1808లో ఈస్టిండియా కంపెనీ వద్ద శాశ్వత నిక్షేపముగా ఉంచిన 3000 వరహాల వడ్డీ ఎవరికి చెందవలెనన్నది మొదటి తగవు. 1913లో మొదలైన ఆ వ్యాజ్యము పలు మలుపులు తిరిగి 1958లో సుప్రీంకోర్టులో ముగిసినది. ఇరుపక్షములు కలిసికొని 1970వ దశకములో మరల విడిపోయినవి. సుప్రీంకోర్టు 1995లోను, 2017 జూలై 3న ఇచ్చిన తీర్పులోను, చర్చిల పాలన 1934 నాటి నిబంధనావళి ప్రకారమే జరుగవలెనని చెప్పినది. దీనితో చర్చిలు మలంకర ఆర్థొడాక్స్ సంఘము అధీనమునకు రావలసి వచ్చినది. తాతముత్తాతలు సమాధి అయిన చర్చి నుండి తాము వెళ్ళవలసి వచ్చునని జాకబైట్ కుటుంబములు ప్రతిఘటించగా, పలుచోట్ల శవఖననము కూడా వివాదమైనది. దరిమిలా కేరళ శాసనసభ 2020లో సమాధుల వినియోగమునకు ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది.

పుత్తన్‌కూర్ నుండి రోముకు తిరిగి వెళ్ళినవారు కూడా ఉన్నారు. 1930లో బిషప్పు మార్ ఇవానియోస్ పశ్చిమ సిరియన్ పూజావిధిని విడువకుండానే పోపుతో ఏకమై సిరో-మలంకర కాథలిక్ సంఘమునకు మూలపురుషుడైనాడు.

పళయకూర్ తదుపరి చరిత్ర

రోముతో నిలిచినవారి ఫిర్యాదులు తీరినవని అనుకొనరాదు. పరంబిల్ చాండీ తరువాత వారిపై మరల ఐరోపా బిషప్పులే వచ్చారు. 1778లో కరియాట్టి జోసెఫ్, పారెమ్మాక్కల్ తోమా కత్తనార్ అను ఇద్దరు గురువులు తమ జాతికి స్వదేశీ బిషప్పు కావలెనని అర్థించుటకు రోముకు, లిస్బనుకు బయలుదేరారు. కరియాట్టి 1782లో కొడుంగల్లూరు అగ్రపీఠాధిపతిగా నియమితుడై కూడా, తిరుగు ప్రయాణములో 1786లో గోవాలోనే మరణించాడు. ఈ ప్రయాణమును గూర్చి తోమా కత్తనార్ మలయాళములో వ్రాసిన "వర్తమానప్పుస్తకం" భారతీయ భాషలలో తొలి యాత్రాగ్రంథముగా ప్రసిద్ధము. అందులో ఆయన పోపును ధిక్కరించడు. పోపు పేరిట తమను పాలించే విదేశీ మఠవాసులను మాత్రము తీవ్రముగా విమర్శిస్తాడు. విడిపోకుండానే ఎదిరించుట ఎట్లో తెలిసికొనగోరువారికి అది చదువదగిన గ్రంథము.

1887లో వీరిని లాటిన్ వారి నుండి వేరుచేశారు. 1896లో స్వదేశీ బిషప్పులు వచ్చారు. 1992లో సిరో-మలబారు సంఘమునకు స్వంత అధిపతి గల ప్రధాన అగ్రపీఠ హోదా లభించినది. 1653లో మోకులు పట్టుకొన్నవారు అడిగిన దానిలో చాలా భాగము 339 సంవత్సరములకు ఈ విధముగా వచ్చినది. అందుకు వారి వారసులు చెల్లించిన మూల్యము ఓర్పు. రెండవ పక్షము చెల్లించినది ఐక్యత.

తెలుగు ప్రాంతమున ఈ సంఘమునకు రెండు పీఠములు ఉన్నవి. ఆదిలాబాదు పీఠము 1999లోను, శంషాబాదు పీఠము 2017లోను ఏర్పడినవి. శంషాబాదు తొలి బిషప్పు రఫాయేల్ తట్టిల్ 2024 జనవరిలో సిరో-మలబారు సంఘమునకు ప్రధాన అగ్రపీఠాధిపతిగా ఎన్నికైనాడు.

ఆయన పదవికి వచ్చేనాటికి ఆ సంఘములో మరొక విధేయతా వివాదము రగులుతున్నది. పూజ చేయు గురువు జనుల వైపు తిరగవలెనా, బలిపీఠము వైపు తిరగవలెనా అనుటపై 2021లో బిషప్పుల సభ అందరికీ ఏకరీతి విధానమును నిర్ణయించినది. ఎర్ణాకులం-అంగమాలి అగ్రపీఠములోని అధిక సంఖ్యాక గురువులు, విశ్వాసులు దానిని అంగీకరింపలేదు. కొచ్చిలోని ప్రధాన దేవాలయము 2022 చివరి నుండి చాలా కాలము మూతబడి ఉండినది. పోపు ఫ్రాన్సిస్ 2023 డిసెంబరులో దృశ్యసందేశము ద్వారా విధేయత కోరాడు. 2024లో ప్రతి చర్చిలోను ఆదివారమున కనీసము ఒక పూజ ఏకరీతిన జరుగునట్లు తాత్కాలిక సర్దుబాటు జరిగినది.